పాత ట్రక్కులో ఫ్యూయల్ పంపు ఇంట్లోనే మార్చుకోవడం ఎలా?

"సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదు. ఫ్యూయల్ పంపు పోయిందంటున్నారు. ఇంట్లో మనమే మార్చుకోవచ్చా?" పాత పికప్ ట్రక్కులున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. మార్చుకోవచ్చు. గొప్ప నైపుణ్యం ఏమీ అక్కర్లేదు గానీ ఓపిక కావాలి, నిప్పు విషయంలో భయం ఉండాలి. మొదటిసారి చేస్తున్నట్లయితే ఒక రోజంతా దీనికే పెట్టుకోండి. తోడుగా ఇంకో మనిషి ఉండాలి.

ఇక్కడ చెప్పేది ట్యాంకు లోపల కరెంటు పంపు ఉండే పెట్రోల్ ఇంజెక్షన్ బండ్ల గురించి. కార్బురేటర్ ఉన్న మరీ పాత బండ్లలో చాలావరకు పంపు ఇంజిన్ పక్కనే రెండు బోల్టుల మీద ఉంటుంది. అది చిన్న పని. డీజిల్ బండ్ల లెక్క పూర్తిగా వేరు, ఈ పద్ధతి వాటికి వాడకండి.

పోయింది పంపేనా?

ట్యాంకు దించడం మామూలు పని కాదు. అంతా దించాక తప్పు రిలేలో (పంపుకు కరెంటు అందించే చిన్న స్విచ్) ఉందని తెలిస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే స్పానర్ పట్టుకునే ముందు ఈ పరీక్షలు వరసగా చేయండి. పెట్రోల్ కారుతున్నా, వాసన గట్టిగా వస్తున్నా మాత్రం కరెంటు పరీక్షల జోలికి పోవద్దు.

ముందు చెవితో వినండి. ఒకరిని సీట్లో కూర్చోబెట్టి, సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ దాకా మాత్రమే తిప్పమనండి. మీరు ట్యాంకు దగ్గర చెవి పెట్టండి. పంపు బాగుంటే దాదాపు 2 సెకన్లు సన్నగా జుమ్మని మోగి ఆగిపోతుంది. ఇంజిన్ తిరగడం లేదు కాబట్టి కంప్యూటరే దాన్ని ఆపేస్తుంది. అది లోపం కాదు.

ఏ శబ్దమూ లేకపోతే ఫ్యూజ్ చూడండి, తర్వాత రిలే. అదే పెట్టెలో హారన్‌కో ఏసీకో అదే నంబరు రిలే ఉంటే రెంటినీ అటూ ఇటూ మార్చి చూడండి. పాత ఫోర్డ్ పికప్‌లలో ఇంకొకటుంది. గట్టి కుదుపు తగిలితే పంపుకు కరెంటు ఆపేసే స్విచ్ అది, ముందు సీటులో డ్రైవర్ పక్కన కూర్చునేవాళ్ల కాళ్ల దగ్గర, పక్క ప్యానెల్‌లో ఉంటుంది. దాని బటన్ పైకి లేచి ఉంటే, ఎక్కడా పెట్రోల్ కారడం లేదని చూసుకుని నొక్కండి. అంతటితో బండి స్టార్ట్ అయితే ట్యాంకు ముట్టుకోవాల్సిన పనే లేదు.

తర్వాత పంపుకు వెళ్లే కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టి, తాళం ఆన్ చేసిన ఆ 2 సెకన్లలో 12 వోల్టుల దరిదాపుల్లో వస్తోందో లేదో చూడండి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. కనెక్టర్ ఊడదీసి కొలిస్తే, తుప్పుపట్టిన వైరు కూడా 12 చూపిస్తుంది. పంపు లాగే కరెంటు దాని గుండా పోవాల్సి వచ్చినప్పుడే దాని అసలు రంగు బయటపడుతుంది. కాబట్టి కనెక్టర్ తగిలించి ఉంచి, వెనక నుంచి మీటర్ సూది లోపలికి పెట్టి కొలవండి. ఎర్తు వైరు కూడా అలాగే చూడండి. ఛాసిస్‌కు బిగించిన చోట తుప్పు పట్టిందంటే పంపు ఎంత కొత్తదైనా తిరగదు. కరెంటు నిండుగా వస్తోంది, ఎర్తు బాగుంది, అయినా పంపు ఉలకదు పలకదు. అప్పుడు పోయింది పంపే.

పంపు మోగుతోంది గానీ బండి ఎత్తు ఎక్కలేకపోతోంది, లేదా చాలాసేపు సెల్ఫ్ కొడితే తప్ప అందుకోవడం లేదు అంటే ప్రెషర్ గేజ్ పెట్టాల్సిందే. చాలా ఇంజిన్లలో ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే గొట్టం (దాన్నే రైలు అంటారు) మీద టైరు వాల్వు లాంటిది ఒకటి ఉంటుంది, గేజ్ అక్కడ బిగుస్తుంది. ఎంత రావాలన్నది ఇంజిన్‌ని బట్టి బాగా మారుతుంది. జనరల్ మోటార్స్ పాత ట్రక్కుల్లో, ఇంజిన్‌లోకి గాలి వెళ్లే థ్రాటిల్ బాడీలోనే ఇంజెక్టర్లుండే రకానికి 9 నుంచి 13 పీఎస్ఐ చాలు. అదే కంపెనీ 1996 నుంచి తెచ్చిన వోర్టెక్ 5.7 లీటర్ల ఇంజిన్‌కి 60 నుంచి 66 పీఎస్ఐ కావాలి. 50 వచ్చిందని సంతోషిస్తే అది స్టార్ట్ కూడా కాకపోవచ్చు. మీ బండి సర్వీస్ మాన్యువల్లోని అంకెనే నమ్మండి. ప్రెషర్ తక్కువగా ఉంటే ముందు ఫిల్టర్ మార్చి మళ్లీ కొలవండి.

దారిలో బండి ఆగిపోతే ఒక చిట్కా ఉంది. ఒకరు సెల్ఫ్ కొడుతుండగా ఇంకొకరు ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో మెల్లగా నాలుగు దెబ్బలు వేయాలి. ఇంజిన్ అందుకుందంటే పంపు మోటారులో బ్రష్‌లు అరిగిపోయినట్టు. అలా ఇంటికి చేరుకోండి, అంతే. ఆ పంపును నమ్ముకుని ఊరు దాటకండి.

నిప్పు గురించి

పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోదు, నేల వెంబడి పాకుతుంది. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి దాని నుంచి వస్తూనే ఉంటుంది. అందుకే ఈ పని ఆరుబయటే చేయండి. మూసిన షెడ్డులో, సెల్లారులో వద్దు. చుట్టుపక్కల గ్యాస్ గీజర్ గానీ, స్టవ్ గానీ, వెల్డింగ్ గానీ ఉండకూడదు. వెలుతురు కోసం పాతరకం ఫిలమెంటు బల్బు వేలాడదీయకండి. వేడెక్కిన గాజు మీద ఒక్క పెట్రోల్ చుక్క పడితే బల్బు పగులుతుంది, లోపలి తీగ నిప్పంటిస్తుంది. బ్యాటరీతో నడిచే ఎల్‌ఈడీ లైటు వాడండి, అది కూడా దూరంలోనే ఆన్ చేసి తెచ్చుకోండి. డ్రై పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికి అందేంత దూరంలో ఉండాలి. పెట్రోల్ మంట మీద నీళ్లు పోస్తే అది తేలుతూ ఇంకా పాకుతుంది.

కావలసినవి

- మీ మోడల్‌కు, తయారైన సంవత్సరానికి, ట్యాంకు సైజుకు సరిపోయే పంపు. పాత బండికి పంపు, పెట్రోల్ మట్టం చూపే ఫ్లోటు, కనెక్టర్ అన్నీ కలిసి వచ్చే పూర్తి మాడ్యూలే తీసుకోమని నా సలహా
- కొత్త ఓ-రింగు (పంపు కూర్చునేచోట పెట్రోల్ కారకుండా ఆపే రబ్బరు రింగు), పంపు కింద ఉండే జాలీ, కొత్త ఫ్యూయల్ ఫిల్టర్
- సాకెట్ సెట్టు, పొడవాటి ఎక్స్‌టెన్షన్, తుప్పు వదిలించే స్ప్రే
- ఫ్యూయల్ లైన్ల క్లిప్పులు విప్పే ప్లాస్టిక్ టూలు (5/16, 3/8 అంగుళాల సైజులు ఎక్కువగా వాడతారు)
- ఫ్లోర్ జాకీ, దాని మీద వేయడానికి ప్లైవుడ్ ముక్క, బరువు తట్టుకునే జాకీ స్టాండ్లు, చక్రాలకు అడ్డుపెట్టే దిమ్మలు
- ఇత్తడి కడ్డీ లేదా గట్టి చెక్క ముక్క, సుత్తి
- పెట్రోల్ తోడే చేతి పంపు, పెట్రోల్ కోసమే చేసిన క్యాన్లు
- నైట్రైల్ గ్లౌజులు, కళ్లద్దాలు, పాత గుడ్డలు

ట్యాంకు దించాలా, తొట్టి లేపాలా?

పికప్‌కి రెండు దారులున్నాయి. కింద నుంచి ట్యాంకు దించడం ఒకటి, ట్యాంకు మీదున్న వెనక తొట్టిని లేపడం ఇంకొకటి. తొట్టిని సాధారణంగా 6 లేదా 8 బోల్టులే పట్టి ఉంచుతాయి. నలుగురు మనుషులు దొరికి, ఆ బోల్టులు కదిలే స్థితిలో ఉంటే తొట్టి లేపడమే సుఖం. ట్యాంకు నిండా పెట్రోల్ ఉన్నా ఇబ్బంది లేదు, నిలబడి పని చేసుకోవచ్చు. ఒకవైపు బోల్టులు తీసేసి, రెండోవైపువి వదులు చేసి, తొట్టిని పక్కకు ఒరగబెట్టి కూడా చేస్తారు. అలాగైతే ఒరిగిన తొట్టి కింద గట్టి ఆసరా పెట్టందే చెయ్యి పెట్టవద్దు. వెనక లైట్ల వైర్లు, పెట్రోల్ పోసే మెడ స్క్రూలు ముందే విప్పడం మరిచిపోకండి.

తుప్పుతో బోల్టులు గడ్డకట్టుకుపోయి ఉంటే, లేదా మీరిద్దరే ఉంటే ట్యాంకు దించండి. కింద చెప్పే అంచెలు దానికే. తొట్టి లేపేవాళ్లు 1, 4 వదిలేసి, 6లో కనెక్టర్, లైన్లు విప్పడం మాత్రం చేసి, మిగతావన్నీ పాటించండి. ఏ దారిలో వెళ్లినా ముందురోజు సాయంత్రమే బోల్టులన్నిటికీ స్ప్రే కొట్టి వదిలేయండి. రాత్రంతా నానితే సగం కష్టం తగ్గుతుంది.

పని మొదలు

1. ట్యాంకు ఖాళీ చేయండి. 100 లీటర్ల పెట్రోల్ దాదాపు 75 కిలోలు తూగుతుంది. పైగా ట్యాంకు వంగినప్పుడల్లా పెట్రోల్ ఒక పక్కకు దొర్లి, ట్యాంకు జాకీ మీద నుంచి జారిపోతుంది. చేతి పంపుతో తోడండి, నోటితో పీల్చడం మాత్రం ఎప్పుడూ వద్దు. మెడలో అడ్డు వాల్వు ఉండి పైపు లోపలికి దిగకపోతే, ట్యాంకు దగ్గర పెద్ద హోసు విప్పి అక్కడి నుంచి తోడండి. క్యాన్ నేల మీదే పెట్టి నింపండి. ప్లాస్టిక్ పరిచిన తొట్టిలో పెట్టి నింపితే స్టాటిక్ కరెంటు పేరుకుని నిప్పురవ్వ పుట్టవచ్చు.

2. లైన్లలో ప్రెషర్ తీసేయండి. పంపు ఫ్యూజ్ లేదా రిలే లాగేసి, బండి స్టార్ట్ అయ్యే స్థితిలో ఉంటే అదే ఆగిపోయేదాకా నడపండి, తర్వాత ఇంకో రెండు మూడు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. పంపు చచ్చిపోయినా లైన్లో ప్రెషర్ మిగిలి ఉండవచ్చు. చల్లారిన ఇంజిన్ మీద, రైలు మీది వాల్వుకు గుడ్డ చుట్టి మెల్లగా నొక్కి వదలండి.

3. బ్యాటరీ మైనస్ వైరు విప్పి పక్కకు కట్టేయండి.

4. ముందు చక్రాలకు దిమ్మలు పెట్టి, వెనక భాగాన్ని లేపి, ఛాసిస్ కింద స్టాండ్ల మీద నిలబెట్టండి. నేల గట్టిగా, సమంగా ఉండాలి. బండి కిందకు వెళ్లే ముందు పక్క నుంచి ఒకసారి గట్టిగా ఊపి చూడండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద దూరకండి.

5. పెట్రోల్ పోసే హోసు, ఆవిరి గొట్టం క్లిప్పులు వదులు చేసి విప్పండి. విప్పే ప్రతిదానికీ ముందు ఫోటో తీయండి. పంపు నుంచి వెళ్లే లైను ఏది, వెనక్కి వచ్చేది ఏది అన్నది రంగు టేపుతో గుర్తు పెట్టుకోండి. ఈ రెండూ తారుమారైతే మళ్లీ మొదటికొస్తుంది.

6. ట్యాంకు కింద ప్లైవుడ్ వేసి జాకీ ఆనించండి. పట్టీల బోల్టులు విప్పి, ట్యాంకును ఒక జానెడు మాత్రం దించి ఆపండి. ఒకేసారి కిందికి దించితే పైనున్న వైర్లు, పైపులు తెగుతాయి. ఆ సందులో చెయ్యి పెట్టి కనెక్టర్, లైన్లు విప్పండి. క్లిప్పుల చుట్టూ ఉన్న మట్టి ముందు బ్రష్‌తో దులపాలి. మట్టి ఇరుక్కుని ఉంటే టూలు ఎంత నొక్కినా క్లిప్పు వదలదు, బలవంతం చేస్తే ప్లాస్టిక్ విరుగుతుంది. నెమ్మదిగా లైనును లోపలికి నెట్టి, టూలు దూర్చి, అప్పుడు వెనక్కి లాగండి.

7. ట్యాంకు కిందికి వచ్చాక, పైభాగం శుభ్రంగా తుడవండి. ఏళ్ల తరబడి పేరుకున్న మట్టి అక్కడ వేలి మందాన ఉంటుంది. పంపును ట్యాంకుకు పట్టి ఉంచే లాక్ రింగు తీయగానే అదంతా లోపల పడుతుంది. బ్రష్, తడిగుడ్డ చాలు. వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టకండి, దాని మోటారు రవ్వలు ఆవిరిని అంటిస్తాయి.

8. లాక్ రింగును అపసవ్య దిశలో తిప్పండి. ఇనుప రింగైతే దాని చెవులకు ఇత్తడి కడ్డీ ఆనించి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు, ఒక్కచోటే కాకుండా చుట్టూ మార్చి మార్చి వేయండి. ఇనుప ఉలి, స్క్రూడ్రైవర్ వద్దు, రవ్వ వస్తుంది. ప్లాస్టిక్ రింగుకు దాని టూలు గానీ స్ట్రాప్ రెంచి గానీ వాడండి.

9. మాడ్యూల్‌ను నిటారుగా కొంచెం లేపి, ఫ్లోటు చెయ్యి తగలకుండా ఒరగబెట్టి బయటికి తీయండి. అడుగు గిన్నెలో ఇంకా పెట్రోల్ మిగిలి ఉంటుంది, కింద పళ్లెం సిద్ధంగా పెట్టుకోండి.

10. లైటు బయట నుంచే పట్టి ట్యాంకు లోపలికి చూడండి. ఎర్రటి పొడి, బురద, అడుగున నీటి బుడగలు కనిపిస్తే అంతా శుభ్రం చేయందే కొత్త పంపు దించకండి. ఇనుప ట్యాంకు లోపల పొరలు పొరలుగా తుప్పు రాలుతుంటే ట్యాంకే మార్చాలి. ఆ ట్యాంకులో ఎన్ని పంపులు వేసినా జాలీ మూసుకుపోయి కాలిపోతాయి.

11. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడండి. ఎత్తు, పైపుల దిశ, పిన్నుల సంఖ్య, ఫ్లోటు చెయ్యి వంపు అన్నీ ఒకేలా ఉండాలి. కొత్త పంపును చేతిలో పట్టుకుని బ్యాటరీకి తగిలించి "తిరుగుతోందా" అని చూడకండి. దాన్ని చల్లబరిచేదీ, దానికి నూనెలా పనిచేసేదీ పెట్రోలే. పొడిగా తిప్పితే మొదటి నిమిషంలోనే దానికి దెబ్బ. మోటారు ఒక్కటే మార్చేవాళ్లు ఇంకో విషయం గమనించాలి. ట్యాంకు లోపలి చిన్న హోసు పెట్రోల్‌లో మునిగి ఉండడానికి చేసిందే కావాలి, దాని మీద ఎస్‌ఏఈ జే30ఆర్10 అని రాసి ఉంటుంది. మామూలు ఫ్యూయల్ హోసు లోపల పొర మాత్రమే పెట్రోల్‌ను తట్టుకుంటుంది, పై పొర నాని ఉబ్బి పగులుతుంది.

12. ఓ-రింగు తప్పనిసరిగా కొత్తదే వేయండి. కూర్చునే గాడిని గుడ్డతో తుడిచి, రింగు మెలిక పడకుండా చుట్టూ వేలితో తడిమి చూసుకోండి. మాడ్యూల్ మీది గుర్తు, ట్యాంకు మీది గుర్తు ఎదురెదురుగా రావాలి. మాడ్యూల్‌ను కిందికి నొక్కి పట్టుకుని రింగు బిగించండి.

13. కనెక్టర్‌ను కళ్లు పెట్టి చూడండి. నేను మొదటిసారి పంపు మార్చినప్పుడు ఇది వదిలేశాను. మూడో రోజు బండి మళ్లీ ఆగింది. ట్యాంకు మళ్లీ దించి కనెక్టర్ విప్పితే, నాలుగు పిన్నుల్లో ఒకటి నల్లగా మాడి, చుట్టూ తెల్ల ప్లాస్టిక్ కాఫీపొడి రంగుకు తిరిగి, కరిగి ఒక పక్కకు ఒరిగి ఉంది. వేలితో ముట్టుకుంటే పెళుసుగా రాలింది. కొత్త పంపులో ఏ లోపమూ లేదు. కాలిన గుర్తు ఏ కాస్త ఉన్నా బండి వైపు కనెక్టర్ కూడా కొత్తది వేయండి. వైర్లు క్రింప్ చేయండి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి కలపండి), ట్యాంకు పక్కన సోల్డరింగ్ గానీ, లైటర్‌తో స్లీవు వేడి చేయడం గానీ చేయవద్దు.

14. తీసిన వరసకు తిరగేసి బిగించండి. ట్యాంకు పైకి లేపేటప్పుడు హోసు గానీ వైరు గానీ ఛాసిస్‌కీ ట్యాంకుకీ మధ్య నలగకుండా చూడండి. ప్రతి లైనూ టక్కుమని కూర్చున్నాక ఒకసారి వెనక్కి లాగి చూడండి. ఊడి రాకూడదు. ఫిల్టర్ మీది బాణం ఇంజిన్ వైపు ఉండాలి.

సరిచూసుకోవడం

తోడిన పెట్రోల్ శుభ్రంగా ఉంటే దాన్నే 20 లీటర్ల దాకా పోయండి. అడుగున రెండు మూడు లీటర్లతో పంపు తిప్పవద్దు. రిలే, బ్యాటరీ తగిలించి తాళం ఆన్ చేయండి, 2 సెకన్లు ఆగి ఆఫ్ చేయండి. ఇలా నాలుగైదు సార్లు చేస్తే ఖాళీ లైన్లు నిండుతాయి. ఇంకా సెల్ఫ్ కొట్టకండి. ముందు కిందికి వంగి ప్రతి జాయింటునూ పొడి కాగితంతో తుడిచి చూడండి. తడి అంటితే అక్కడే ఆగి సరిచేయండి.

తర్వాత గేజ్. తాళం ఆన్‌లో మాన్యువల్ చెప్పిన అంకె రావాలి, ఆఫ్ చేశాక కొన్ని నిమిషాలపాటు పెద్దగా పడకుండా నిలవాలి. గబగబా పడిపోతుంటే లైనెక్కడో కారుతోంది, లేదా పంపులోని వాల్వుగానీ, ప్రెషర్ రెగ్యులేటర్‌గానీ, ఇంజెక్టర్‌గానీ పట్టి ఉంచడం లేదు. ఇప్పుడు స్టార్ట్ చేసి, ఇంజిన్ వేడెక్కేదాకా నడిపి, మళ్లీ కింద చూడండి. బరువు మీద ఒకసారి ఎత్తు ఎక్కించి చూడటం కూడా మంచిది. ఖాళీగా నిలబడ్డప్పుడు ప్రెషర్ బాగున్నా, ఎక్కువ పెట్రోల్ కావాల్సి వచ్చినప్పుడే అసలు లోపం తెలుస్తుంది.

డాష్‌బోర్డులో పెట్రోల్ ముల్లు కదలకపోతే ఫ్లోటు చెయ్యి ఎక్కడో తట్టుకుంది, లేదా వైరు సరిగా కూర్చోలేదు. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే ముందుగా ట్యాంకు మూత, ఆవిరి గొట్టం చూసుకోండి.

ఆఖరి పరీక్ష ట్యాంకు నింపాక. ఓ-రింగు సరిగా కూర్చోకపోతే సగం ట్యాంకు దాకా ఏమీ తెలియదు, పెట్రోల్ పైదాకా వచ్చినప్పుడే వాసన మొదలవుతుంది. అందుకని మొదటిసారి ఫుల్ ట్యాంకు కొట్టించాక బండిని ఒక రాత్రి ఆరుబయటే ఉంచి, పొద్దున్నే ట్యాంకు పక్కన వాసన చూడండి. వాసన వస్తే ఇంజిన్ స్టార్ట్ చేయకండి, పెట్రోల్ తగ్గించి రింగు మళ్లీ విప్పండి.

పాత పంపును వెంటనే పారేయవద్దు. బాగా ఆరబెట్టి, దాని జాలీని కత్తెరతో కోసి తెల్లకాగితం మీద దులపండి. ఏమీ రాలకపోతే అది వయసుతో పోయిన పంపు. ఎర్రటి పొడి రాలితే తుప్పు మీ ట్యాంకులో ఉంది. అప్పుడు కొత్త ఫిల్టర్‌ను నెల తిరగకముందే విప్పి చూసుకోండి.